ఓడిన యంత్రాన్ని విప్పి చూస్తే

జపాన్‌లోని క్యోటో నగరంలో 1889లో పేకముక్కల తయారీతో మొదలైన కంపెనీ నింటెండో. 2006 నవంబరులో అది ‘వీ’ అనే గేమ్ కన్సోల్‌ని మార్కెట్లోకి తెచ్చింది. రిమోట్ లాంటి పరికరాన్ని చేత్తో ఊపితే చాలు, టీవీ తెరమీద టెన్నిస్ బంతి ఎగిరేది. అంతకుముందు వీడియో గేమ్ జోలికే పోని తాతయ్యలు, అమ్మమ్మలు కూడా సోఫాలోంచి లేచి ఆడారు. ప్రపంచమంతటా 10 కోట్ల 16 లక్షల పెట్టెలు అమ్ముడుపోయాయి.

ఆరేళ్ల తర్వాత, 2012 నవంబరులో, దాని వారసుడిగా ‘వీ యూ’ వచ్చింది. 2017 జనవరిలో తయారీ ఆపేసేనాటికి నాలుగేళ్లు దాటాయి. మొత్తం అమ్మకాలు 1 కోటి 35 లక్షల చిల్లర దగ్గర ఆగిపోయాయి. ముందుతరం అమ్మకాల్లో ఇది ఏడో వంతు కూడా కాదు.

అయితే నన్ను ఈ కథలోకి లాగింది ఈ పతనం కాదు, దీని తర్వాత జరిగింది. తయారీ ఆపేసిన రెండు నెలలకే, 2017 మార్చి 3న, అదే కంపెనీ ‘స్విచ్’ అనే కొత్త కన్సోల్‌ని విడుదల చేసింది. చేసినవాళ్లు దాదాపు పాతవాళ్లే. మూలంలో ఉన్న ఆలోచనా పాతదే: టీవీలో ఆడుతున్న ఆటను చేతిలోని చిన్న తెరమీదికి తెచ్చుకోవడం. ఆ స్విచ్ 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మనుషులూ ఆలోచనా మారకుండా ఫలితం ఇంతగా ఎలా మారింది? వ్యాపారం చేసే ఎవరికైనా పనికొచ్చే ప్రశ్న ఇది. నింటెండో విషయంలో దీనికి ఆధారాలతో సహా జవాబు చెప్పుకోవచ్చు. ఆ కంపెనీ తన అమ్మకాల లెక్కలను మూడు నెలలకోసారి బయటపెడుతుంది. దాని పెద్దలు వాటాదారుల ముందు నిలబడి తప్పుల గురించి మాట్లాడారు కూడా.

ముందుగా కన్సోల్ వ్యాపారం ఎలా నడుస్తుందో కొంచెం చెప్పుకోవాలి. మన దగ్గర ఇప్పుడు ఎక్కువమంది ఫోన్లోనే ఆడుతున్నారు కానీ, 1990ల్లో టీవీకి వైరు తగిలించి, క్యాసెట్టు దూర్చి మారియో, కాంట్రా ఆడిన తరం ఒకటి తెలుగు ఊళ్లలోనూ ఉంది. అప్పట్లో మన బజార్లలో దొరికిన ఆ పెట్టెల్లో చాలావరకు, నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ‘ఫ్యామికామ్’కి అనుకరణలే. కన్సోల్ అంటే అదే: ఆటలు ఆడటం కోసమే తయారైన ఒక చిన్న కంప్యూటరు. ఆ పెట్టె మీద కంపెనీకి మిగిలేది తక్కువ. ఒక్కోసారి నష్టానికే అమ్ముతారు. అసలు ఆదాయం గేమ్‌ల మీద వస్తుంది. సొంత గేమ్‌లు అమ్మితే వచ్చే లాభం ఒకటి, ఇతర కంపెనీలు తమ గేమ్‌లను ఆ పెట్టె కోసం తయారుచేసి అమ్ముకున్నప్పుడు ఒక్కో ప్రతి మీద వచ్చే వాటా ఇంకొకటి.

చిక్కంతా ఇక్కడే ఉంది. మంచి గేమ్‌లు లేకపోతే జనం పెట్టె కొనరు. జనం పెట్టె కొనకపోతే బయటి కంపెనీలు దానికోసం గేమ్‌లు తయారు చేయవు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్న సామెత ఈ వ్యాపారానికి సరిగ్గా అతుకుతుంది. ఈ ముడిని విప్పడానికి కన్సోల్ కంపెనీకి దొరికే సమయం విడుదలైన తొలి ఏడాది, ఏడాదిన్నర మాత్రమే. వీ యూ కథలో ఆ ఏడాదిన్నరే కీలకం.

2011 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 అనే వీడియో గేమ్‌ల ప్రదర్శనలో నింటెండో ఈ యంత్రాన్ని తొలిసారి చూపించింది. చూపించినదంతా చేతిలో పట్టుకునే తెరనే. గేమ్‌ప్యాడ్ అని పేరు పెట్టిన ఆ తెర కొలత మూల నుంచి మూలకు 6.2 అంగుళాలు, దానికి రెండువైపులా బటన్లు, బొటనవేలితో తిప్పే చిన్న కర్రలు ఉన్నాయి. అసలు కన్సోల్ పెట్టె మాత్రం వేదిక మీద దాదాపు కనబడలేదు. పేరేమో ‘వీ యూ’. పాత ‘వీ’ రిమోట్‌లు దీనికీ పనిచేస్తాయన్నారు. దాంతో చాలామంది ఇదేదో ఇంట్లో ఉన్న ‘వీ’కి తగిలించుకునే కొత్త సామాను అనుకున్నారు. కొత్త కన్సోల్ అన్న సంగతే జనానికి చేరలేదని, గేమ్‌ప్యాడ్‌ని పాత యంత్రానికి అనుబంధ పరికరంగా పొరబడుతున్నారని కంపెనీ అధ్యక్షుడు సతోరు ఇవాటా 2013లో స్వయంగా ఒప్పుకున్నారు. విడుదలైన తర్వాత కూడా “ఇది కొత్తది, వేరేది” అని ప్రకటనల్లో చెప్పుకోవలసి వచ్చిందంటే తొలి పరిచయం ఎంత దెబ్బతిందో అర్థమవుతుంది.

ఈ తప్పు వెనక ఒక లెక్క ఉందనుకుంటాను. పది కోట్ల ఇళ్లకు తెలిసిన పేరును వదులుకోవడానికి ఏ కంపెనీకీ మనసొప్పదు. కానీ ఆ పది కోట్లమందిలో చాలామంది నిజానికి గేమ్ కన్సోల్ అభిమానులు కారు. వాళ్లు ‘వీ స్పోర్ట్స్’ ఆడుకోవడానికి ఒక పెట్టె కొన్నారు, కొన్నాళ్లు ఆడి అటక ఎక్కించారు. 2010లో ఐప్యాడ్ వచ్చింది, స్మార్ట్‌ఫోన్‌లు ఇంటింటికీ వచ్చాయి. కాసేపు కాలక్షేపానికి వాళ్లకి అవి సరిపోయాయి. ‘వీ’ అన్న పేరు పిలిస్తే తిరిగి చూడవలసిన జనం అప్పటికే వెళ్లిపోయారు. గేమ్‌లంటే ప్రాణం పెట్టే కుర్రకారుకేమో ఆ పేరు వింటే తాతయ్యల ఆట గుర్తొస్తుంది. పాత విజయం తాలూకు పేరు ఇద్దరిలో ఎవరినీ రప్పించలేకపోయింది.

గేమ్‌ప్యాడ్ విషయానికొద్దాం. దీన్ని తెలివితక్కువ ఆలోచన అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. కన్సోల్‌తోపాటు వచ్చిన ‘నింటెండో ల్యాండ్’ గేమ్‌లో ఒక ఆట ఉంది. ఒక్కరి చేతిలో గేమ్‌ప్యాడ్, మిగతావాళ్ల చేతుల్లో రిమోట్‌లు. ప్యాడ్ ఉన్నవాడు దొంగ. వాడి తెరమీద మొత్తం పటం కనబడుతుంది. మిగిలినవాళ్లు టీవీ చూస్తూ, ఒకరికొకరు అరిచి చెప్పుకుంటూ వాణ్ణి పట్టుకోవాలి. ఒకే గదిలో కూర్చుని ఒక్కొక్కరు ఒక్కోటి చూస్తూ ఆడే ఇలాంటి ఆట అంతకుముందు టీవీ గేమ్‌లలో అరుదు. ఆలోచనలో పస ఉంది.

పస లేనిది దాని చుట్టూ కట్టిన కట్టడంలో. ఆ గేమ్‌ప్యాడ్ సొంతంగా ఏమీ చేయలేదు. లెక్కలన్నీ టీవీ పక్కనున్న పెట్టెలో జరిగి, బొమ్మ మాత్రం గాలిలో దీనికి చేరేది. కొద్ది మీటర్ల దూరం దాటితే తెర పనిచేయదు. ఒకసారి చార్జింగు ఎక్కిస్తే నిలిచేది మూడు నుంచి అయిదు గంటలు. అప్పటికే అందరి చేతుల్లో ఉన్న టాబ్లెట్లలో రెండు వేళ్లతో తాకి బొమ్మను పెద్దది చేసుకోవడం మామూలైపోతే, దీని తెర ఒకసారి ఒక్క వేలినే గుర్తుపట్టేది. చూడటానికి టాబ్లెట్‌లా ఉండి టాబ్లెట్ చేసే పని చేయకపోవడం కొనేవాడి కంటికి వెంటనే ఆనింది. ఇంతా చేసి దాని ఖర్చు చాలా ఎక్కువ. అమెరికాలో కన్సోల్ ధర 299 డాలర్లు, ఎక్కువ మెమరీ ఉన్నదైతే 349 డాలర్లు పెట్టారు. అయినా కంపెనీకి ఒక్కో పెట్టె మీద నష్టమే. ఆ ధరలో పెద్ద భాగాన్ని తెర మింగేసింది, అసలు యంత్రానికి మిగిలింది తక్కువ.

ఆ యంత్రం సంగతి చూడండి. దాని ప్రధాన చిప్ ఐబీఎం తయారీ. 2001 నాటి ‘గేమ్‌క్యూబ్’ కన్సోల్‌లో వాడిన చిప్‌ల వంశానికి చెందినది. పాత ‘వీ’ గేమ్‌లు ఇందులో అలాగే ఆడాలన్న పట్టుదలతో ఆ దారి ఎంచుకున్నారు. మెమరీ 2 జీబీ, అందులో గేమ్‌లకు దక్కేది ఒక జీబీ. సరిగ్గా ఏడాది తర్వాత, 2013 నవంబరులో, సోనీ ప్లేస్టేషన్ 4, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ ఒక వారం తేడాలో దిగాయి. ఆ రెండింటిలోనూ 8 జీబీ మెమరీ ఉంది. రెండూ మామూలు కంప్యూటర్లలో వాడే జాతి చిప్‌లతోనే నడుస్తాయి. గేమ్ తయారుచేసే కంపెనీ ఒకసారి రాసిన ప్రోగ్రామును కంప్యూటరుకి, ఈ రెండింటికి కొద్ది మార్పులతో వాడుకోవచ్చు. వీ యూకి మాత్రం విడిగా కష్టపడాలి. అంత కష్టపడితే కొనేవాళ్లు ఎంతమంది?

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ చేసినది ఇందుకు మంచి ఉదాహరణ. 2011 ఈ3 వేదిక మీద నింటెండోతో తమ స్నేహం మునుపెన్నడూ లేనంత గట్టిదని ఆ కంపెనీ అధినేత ప్రకటించారు. వీ యూ వచ్చిన తొలి నెలల్లో నాలుగు గేమ్‌లు ఇచ్చారు. 2013 మే కల్లా తమ దగ్గర వీ యూ కోసం తయారవుతున్న గేమ్ ఒక్కటీ లేదని తేల్చేశారు. ఫ్రాన్స్‌కి చెందిన యూబీసాఫ్ట్ ఇంకొంచెం నమ్మకంగా దిగింది. ‘జాంబీ యూ’ అనే గేమ్‌ని ప్రత్యేకంగా దీనికోసమే చేసింది. అది లాభం తేలేదని ఆ కంపెనీ అధినేత తర్వాత చెప్పారు. ఒక్క వీ యూలోనే రావలసిన ‘రేమాన్ లెజెండ్స్’ 2013 ఫిబ్రవరి నుంచి సెప్టెంబరుకి వాయిదా పడింది, వచ్చేటప్పుడు అన్ని కన్సోళ్లకూ వచ్చింది.

బయటివాళ్లు వెళ్లిపోతే నింటెండో తన గేమ్‌లతో నెట్టుకు రావాలి. మారియో, జెల్డా, పోకెమాన్ లాంటి పేర్లు దాని చేతిలో ఉన్నాయి. అక్కడే అన్నిటికంటే పెద్ద దెబ్బ తగిలింది. ‘వీ’లో బొమ్మల నాణ్యత పాత టీవీల స్థాయికి సరిపోయేది. సోనీ, మైక్రోసాఫ్ట్ 2005, 2006 సంవత్సరాల్లోనే హెచ్‌డీ బొమ్మలకు మారి, ఆ కొత్త పనిలో కిందా మీదా పడి నేర్చుకున్నాయి. నింటెండో ఆ పాఠాన్ని ఆరేళ్లు వాయిదా వేసి, వీ యూతో ఒక్కసారిగా మొదలుపెట్టింది. ఒక చెట్టును గీయడానికి పట్టే సమయం, దానిమీద ఆకులన్నీ కనబడేలా గీయాలంటే పట్టే సమయం వేరు. హెచ్‌డీ గేమ్‌కి ఎంతమంది మనుషులు, ఎన్ని నెలలు కావాలో తాము తక్కువ అంచనా వేశామని కంపెనీ పెద్దలే అన్నారు. దానికి తోడు, చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్ అనే యంత్రానికి వేరే గేమ్‌లు తయారు చేయాలి. రెండింటి లోపలి నిర్మాణం వేర్వేరు కాబట్టి ఒకదానికి చేసిన పని రెండోదానికి అక్కరకు రాదు. ఒకే కంపెనీలోని మనుషులు రెండు కన్సోళ్ల మధ్య చీలిపోయారు.

ఫలితం ఇలా ఉంది. విడుదల రోజున ‘న్యూ సూపర్ మారియో బ్రదర్స్ యూ’, ‘నింటెండో ల్యాండ్’ వచ్చాయి. ఆ తర్వాత 2013 మొదటి ఆరు నెలలూ నింటెండో నుంచి జనాన్ని దుకాణానికి నడిపించగల పెద్ద గేమ్ దాదాపు లేదు. ‘పిక్మిన్ 3’ జులైకి గానీ రాలేదు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో ప్రపంచం మొత్తంమీద అమ్ముడైన వీ యూలు 1 లక్షా 60 వేలు. పోటీదారులు దిగడానికి ముందు నింటెండోకి చిక్కిన ఖాళీ ఏడాది అది. దాన్ని చేజేతులా వదులుకుంది. కంపెనీ చేసిన తప్పులన్నిటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. పేరు గందరగోళాన్ని ప్రకటనలతో సరిదిద్దవచ్చు, ధర తగ్గించవచ్చు. దుకాణంలో ఖాళీగా పడి ఉన్న అరలను చూసి కొనేవాడు ఒకసారి వెనుదిరిగితే, ఏడాది తర్వాత ఎంత మంచి గేమ్ వచ్చినా వాణ్ణి తిరిగి రప్పించడం చాలా కష్టం.

మంచి గేమ్‌లు నిజంగానే వచ్చాయి మరి. 2014 మేలో వచ్చిన ‘మారియో కార్ట్ 8’ 84 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. అంటే వీ యూ ఉన్న ప్రతి పది ఇళ్లలో ఆరింటికి మించి ఆ గేమ్ చేరింది. 2015లో వచ్చిన ‘స్ప్లాటూన్’లో తుపాకులతో గుండ్లు కాకుండా రంగులు చిమ్ముతూ నేలంతా తమ రంగు పులమడం ఆట. పాత పేరేమీ లేని ఆ కొత్త గేమ్ ఇంత చిన్న గుంపులోనే దాదాపు 50 లక్షలు అమ్ముడైంది. ఆటలు బాగున్నాయి, ఆడిన కొద్దిమంది ప్రేమించారు. వచ్చిన వేళే మించిపోయింది.

లెక్కలు చూస్తే కంపెనీ ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది. 2013 మార్చికల్లా 55 లక్షల వీ యూలు అమ్ముతామనుకుని 34 లక్షల 50 వేలు అమ్మింది. మరుసటి ఏడాదికి 90 లక్షలన్న అంచనాను 2014 జనవరిలో 28 లక్షలకు దించుకుంది. అదే ఆర్థిక సంవత్సరంలో 10,000 కోట్ల యెన్‌ల నిర్వహణ లాభం తెస్తానని మాట ఇచ్చిన ఇవాటా, చివరికి 4,640 కోట్ల యెన్‌ల నష్టం చూపించవలసి వచ్చింది. వరసగా మూడో ఏడాది నష్టం. కన్సోళ్లు తయారు చేయడం మానేసి మారియోని స్మార్ట్‌ఫోన్లకు అమ్ముకోండని మార్కెట్ విశ్లేషకులు గట్టిగా సలహాలిచ్చారు.

ఇక్కడ ఇవాటా గురించి కొంచెం చెప్పాలి. ఆయన స్వతహాగా ప్రోగ్రామర్. హాల్ లాబొరేటరీ అనే చిన్న గేమ్ కంపెనీ దివాలా అంచున ఉన్నప్పుడు 1993లో దాని పగ్గాలు పట్టి నిలబెట్టాడు. 2002లో నింటెండో అధ్యక్షుడయ్యాడు. వ్యవస్థాపకుల కుటుంబం బయటినుంచి ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆయన. వీ యూ నష్టాల తర్వాత 2014లో అయిదు నెలలపాటు తన జీతాన్ని సగానికి కోసుకున్నాడు. ఇతర డైరెక్టర్ల జీతాలూ తగ్గాయి. ఉద్యోగులను తీసేసి ఖర్చు తగ్గించవచ్చు కదా అని 2013లో వాటాదారుల సమావేశంలో అడిగినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో అన్న భయంతో పనిచేసేవాళ్లు ప్రపంచంలో మనుషుల మనసును తాకే గేమ్‌లు తయారు చేయలేరన్నది ఆయన వాదన. యూరప్ శాఖలో 2014లో కొన్ని ఉద్యోగాలు పోయిన మాట నిజమే. క్యోటోలో గేమ్‌లు తయారుచేసే జట్లు మాత్రం చెదిరిపోలేదు. దీన్ని కేవలం మంచితనంగా చూడకూడదు. వీ యూ కోసం హెచ్‌డీ పని నేర్చుకుని చేతులు కాల్చుకున్నవాళ్లు వాళ్లే. ఆ అనుభవానికి కంపెనీ అప్పటికే వేల కోట్ల యెన్‌లు ఖర్చు చేసింది. వాళ్లను పంపించేసి ఉంటే కట్టిన ఫీజూ పోయేది, నేర్చిన చదువూ పోయేది.

రెండో నిర్ణయం ఇంకా నిశ్శబ్దంగా జరిగింది. 2013 ఫిబ్రవరిలోనే, వీ యూ బజారులోకి వచ్చి మూడు నెలలైనా నిండకముందే, టీవీ కన్సోళ్లు తయారుచేసే హార్డ్‌వేర్ విభాగాన్నీ చేతిలో పట్టుకునే యంత్రాల విభాగాన్నీ నింటెండో కలిపేసింది. రాబోయే యంత్రాలు అన్నదమ్ముల్లా ఒకే లోపలి నిర్మాణం పంచుకోవాలని, ఒకదానికి చేసిన పని ఇంకోదానికి వాడుకోగలగాలని ఇవాటా 2014 జనవరిలో వివరించాడు. 2015లో గేమ్ తయారీ విభాగాలనూ ఒక్కటి చేశారు. ఆ ఏడాది జులై 11న, 55 ఏళ్ల వయసులో, ఇవాటా అనారోగ్యంతో చనిపోయాడు. తాను పునాది వేసిన స్విచ్ విజయాన్ని ఆయన చూడలేదు.

ఇప్పుడు స్విచ్‌ని చేతిలోకి తీసుకుని చూడండి. దాని తెర కూడా 6.2 అంగుళాలే, సరిగ్గా పాత గేమ్‌ప్యాడ్ అంత. ఇక తేడాలు: యంత్రమంతా ఆ తెర వెనకే ఉంది. టీవీ పక్కన ఉండేది బొమ్మను టీవీకి పంపి, చార్జింగు ఎక్కించే తొట్టి మాత్రమే. తెరను దాంట్లోంచి పైకి లాగితే ఆట చేతిలో సాగుతుంది. రైల్లో ఆడొచ్చు, విమానంలో ఆడొచ్చు. వీ యూ కొన్నవాళ్లు గేమ్‌ప్యాడ్‌ని చూసి మొదట ఆశపడినదీ, దొరక్క నిరాశపడినదీ అదే. పక్కల ఉన్న రెండు కంట్రోలర్లు ఊడి వచ్చి ఇద్దరి చేతుల్లోకి వెళతాయి. ఒకేసారి రెండు తెరలు చూడాలన్న షరతు తీసేశారు. ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ గేమ్‌ని మొదట వీ యూ కోసమే రాస్తూ, గేమ్‌ప్యాడ్ మీద పటం చూపించాలనుకున్నారు. టీవీకీ చేతికీ మధ్య చూపు తిప్పుకుంటూ ఉంటే ఆట మీద ధ్యాస చెదిరిపోతోందని గ్రహించి, చివరికి వీ యూ ప్రతిలో కూడా ఆ ఏర్పాటు తొలగించామని దాని నిర్మాత ఐజీ అవొనుమా చెప్పారు.

ఓడిన వస్తువును మొత్తంగా పారేయడం సులువు. మొత్తంగా వెనకేసుకురావడమూ సులువే. దాన్ని విప్పి, ఏ ముక్క సరైనది, ఏ ముక్క చెడగొట్టింది అని విడదీసి చూడటం కష్టం. అందులో మన అభిమానం, మన కష్టం కలిసిపోయి ఉంటాయి కనుక ఇంకా కష్టం. నింటెండో చేసిన పని ఆ విడదీయడం. చేతిలోకి వచ్చే తెర అనే ఆలోచనను ఉంచుకుంది. దాన్ని టీవీకి కట్టేసిన తాడును కోసేసింది.

పరిచయం చేసిన తీరూ మారింది. 2016 అక్టోబరు 20న మూడు నిమిషాల చిన్న వీడియోతో స్విచ్‌ని చూపించారు. ఒకాయన టీవీ ముందు ఆడుతుంటాడు, తెరను పైకి లాగుతాడు, అదే ఆట చేతిలో కొనసాగుతుంది. భాష తెలియనివాడికి కూడా పది సెకన్లలో విషయం బోధపడుతుంది. పేరే పని చెబుతుంది. ‘వీ’ అన్న మాట ఎక్కడా లేదు. ధర ఒకటే, 299 డాలర్లు. చిప్‌ని ఎన్విడియా నుంచి, అప్పటికే టాబ్లెట్లలో వాడుతున్న రకాన్నే తీసుకున్నారు. అది ప్లేస్టేషన్ 4 అంత బలమైనది కాదు, కానీ గేమ్ తయారీదారులు రోజూ వాడే అన్‌రియల్, యూనిటీ లాంటి పనిముట్లు దానిమీద తేలిగ్గా నడిచాయి. 2017లోనే ‘స్కైరిమ్’, ‘డూమ్’ లాంటి పెద్ద గేమ్‌లు, ఒక్కడే కూర్చుని తయారుచేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అనే పల్లె సేద్యపు గేమ్ స్విచ్‌కి వచ్చేశాయి.

గేమ్‌ల వరస చూస్తే పాఠం ఎంత బాగా వంటబట్టిందో తెలుస్తుంది. మార్చిలో జెల్డా, ఏప్రిల్‌లో ‘మారియో కార్ట్ 8 డీలక్స్’, జూన్‌లో ‘ఆర్మ్స్’, జులైలో ‘స్ప్లాటూన్ 2’, అక్టోబరులో ‘సూపర్ మారియో ఒడిస్సీ’, డిసెంబరులో ‘జెనోబ్లేడ్ క్రానికల్స్ 2’. ఒక గేమ్ ముగించేలోపు ఇంకోటి సిద్ధం. అన్నీ కొత్తగా చేసినవీ కావు. ఏప్రిల్‌లో వచ్చిన మారియో కార్ట్, మూడేళ్ల కిందట వీ యూలో కొద్దిమంది మాత్రమే ఆడిన గేమే, కొన్ని చేర్పులతో. అది స్విచ్‌లో 6 కోట్లకు పైగా అమ్ముడైంది. ఓడిన కన్సోల్‌లో చిక్కుకుపోయిన మంచి గేమ్‌లలో చాలావాటిని నింటెండో ఒక్కొక్కటిగా బయటికి తీసుకొచ్చింది. వాటిని ఆడినవాళ్లు తక్కువ కాబట్టి కోట్లమందికి అవి కొత్త గేమ్‌లే. తొలి ఏడాదుల్లో ఖాళీలు పూడ్చింది చాలావరకు ఆ నిల్వే.

అయినా తెలివి ఒక్కటే నింటెండోని కాపాడిందని చెబితే అబద్ధమవుతుంది. దానికి మెత్తటి పరుపులు రెండున్నాయి. ఒకటి, ‘వీ’ రోజుల్లో పోగుపడిన నగదు నిల్వ. రెండోది 3డీఎస్. 2011లో 249 డాలర్లకు వచ్చి తడబడితే అయిదారు నెలలకే 169 డాలర్లకు దించి నిలబెట్టారు. అది చివరికి ఏడున్నర కోట్లు అమ్ముడైంది. టీవీ కన్సోల్ మునిగిన ఏళ్లలో ఇల్లు నడిపింది ఆ చిన్న యంత్రమే.

అదే జపాన్‌లోని సెగా కంపెనీకి అలాంటి దన్ను లేదు. 1994 చివర్లో అమెరికాలో పాత కన్సోల్‌కి తగిలించుకునే ‘32ఎక్స్’ అమ్మి, కొన్నవాళ్లు దాన్ని అలవాటు చేసుకునేలోపే 1995 మేలో ‘శాటర్న్’ అనే కొత్త కన్సోల్‌ని చెప్పాపెట్టకుండా దింపేసింది. ధర 399 డాలర్లు. కొన్ని దుకాణాలకే సరుకిచ్చింది, మిగతా దుకాణదారులకు కోపమొచ్చింది. గేమ్ తయారీదారుల చేతిలో గేమ్‌లు సిద్ధంగా లేవు. అదే రోజుల్లో సోనీ తన తొలి ప్లేస్టేషన్ ధర 299 డాలర్లని ప్రకటించింది. తర్వాత సెగా 1998లో తెచ్చిన ‘డ్రీమ్‌కాస్ట్’ నిజంగా మంచి యంత్రం. ఇంటర్నెట్ మోడెమ్ లోపలే అమర్చి ఇచ్చారు. అయినా ఒకసారి చేయి కాల్చుకున్న ఆటగాళ్లు, దుకాణాలు, గేమ్ కంపెనీలు మనస్ఫూర్తిగా తిరిగి రాలేదు, చేతిలో డబ్బూ అయిపోయింది. 2001 మార్చిలో దాని తయారీ ఆపి, సెగా కన్సోళ్ల వ్యాపారం నుంచే తప్పుకుంది. ఓటమి నుంచి పాఠం నేర్చుకోవడానికి ఇంకో అవకాశం మిగిలి ఉండాలి. వీ యూ ఎంత ఘోరంగా ఓడినా, దాన్ని కొన్నవాళ్లను నింటెండో సెగాలా నడిమధ్యలో వదిలేయలేదు. తయారీ ఆగిపోయాక కూడా, 2017 మార్చి 3న, స్విచ్‌తోపాటే వీ యూకీ ఆ జెల్డా గేమ్ ఇచ్చింది. ముందే మాట ఇచ్చిన గేమ్ అది.

2025 జూన్ 5న వచ్చిన కొత్త కన్సోల్‌కి పేరు పెట్టిన తీరు చూసినా పాత గాయం గుర్తుందనే తెలుస్తుంది: ‘స్విచ్ 2’. పక్కన అంకె చూస్తే ఇది రెండోదని ఎవరికైనా అర్థమవుతుంది. పాత స్విచ్ గేమ్‌లలో చాలావరకు ఇందులో ఆడతాయి.

నేర్చుకోని పాఠం ఒకటి మిగిలే ఉంది, అది చెప్పకుండా నింటెండోని మెచ్చుకోవడం నాకిష్టం లేదు. వీ యూలో ఇంటర్నెట్ ద్వారా గేమ్‌లు కొనుక్కునే దుకాణాన్ని 2023 మార్చి 27న మూసేశారు. ఆన్‌లైన్‌లో కలిసి ఆడుకునే సౌకర్యాన్ని 2024 ఏప్రిల్‌లో ఆపేశారు. మారియో కార్ట్ లాంటివి స్విచ్‌లో బతికాయి. రెండు తెరల మీదే ఆధారపడ్డ ‘నింటెండో ల్యాండ్’, ‘స్టార్ ఫాక్స్ జీరో’ లాంటివి ఇప్పటికీ వీ యూ దాటి రాలేదు. వాటిని ఆడాలంటే పాత పెట్టె, పాత డిస్కు, చార్జింగు నిలిచే ఒక గేమ్‌ప్యాడ్ ఎక్కడైనా సంపాదించుకోవాలి. దొంగ ఒక తెర చూస్తూ, పోలీసులు ఇంకో తెర చూస్తూ గదంతా అరుచుకునే ఆ ఆటను కొత్త తరం పిల్లలకు చూపించే దారి కంపెనీ ఇంకా వేయలేదు. స్విచ్ 2 నుంచి పక్కనున్న ఇంకో స్విచ్‌కి గేమ్‌ని పంపుకునే ఏర్పాటు ఇప్పుడుంది. రెండు తెరలు కావాలంటే రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. ఆ గేమ్‌లను బయటికి తేవడానికి కావలసిన సామగ్రి క్యోటోలో సిద్ధంగానే ఉంది.